ముందు చక్రం బోల్టు ‘పట్టేసింది’ అంటే సరిపోదు.. పాత అంబాసిడర్, పద్మిని బాగుచేయించే వాళ్లు చూసుకోవాల్సినవి ఇవీ

తాత కొన్న అంబాసిడర్, నాన్న నడిపిన పద్మిని.. షెడ్డులో ముసుగేసి పడున్న ఇలాంటి కార్లను మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడే వాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పెయింట్‌కు లక్షలు పెడతారు. సీట్లు కొత్తగా కుట్టిస్తారు. బంపర్ కోసం కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వాకబు చేయిస్తారు. తీరా ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే బోల్టు దగ్గరికొచ్చేసరికి, పక్క వీధి హార్డ్‌వేర్ షాపులో ఏది దొరికితే అది బిగించేస్తారు. పానా పట్టింది, నట్టు ఎక్కింది, ఇంకేం కావాలి అనుకుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంజిన్‌లో ఏదైనా పోతే కారు రోడ్డు పక్కన ఆగిపోతుంది, అంతే. ముందు సస్పెన్షన్‌లో బోల్టు తెగితే అలా కాదు. చక్రం పక్కకు మడత పడుతుంది. స్టీరింగ్ చేతిలోనే ఉన్నా కారు మాట వినదు. పాత కార్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, చాలావాటిలో సీటు బెల్టులు కూడా లేవు. ఎదురుగా వచ్చే బైకువాడికి ఇవేవీ తెలియవు. కాబట్టి బండి మొత్తంలో ఏ బోల్టు విషయంలో పీనాసితనం చూపించినా ఫర్వాలేదు గానీ, ఈ నాలుగైదు చోట్ల మాత్రం కుదరదు. లోయర్ ఆర్మ్ ఛాసిస్‌కు అతుక్కునే చోటు, షాక్ అబ్జార్బర్ బిగింపు, స్టీరింగ్ ఆర్మ్, బ్రేక్ బిగింపులు, స్టెబిలైజర్ రాడ్ క్లాంపులు అవి.

బోల్టు చేసే పని ఏంటి?

చాలామంది బోల్టు అంటే రెండు రంధ్రాల్లో దూర్చిన మేకు లాంటిది అనుకుంటారు. నిజానికి అది స్ప్రింగులా పనిచేస్తుంది. నట్టు బిగిస్తున్నప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ మామూలు పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే రెండు ఇనుప భాగాలను ఒకదానికొకటి అదిమి పెడుతుంది. గుంతలో చక్రం పడినప్పుడు వచ్చే దెబ్బను అసలు మోసేది ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే తప్ప బోల్టు ఒంటరిగా కాదు.

అర అంగుళం మందం ఉన్న మంచి హై టెన్సైల్ బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా సుమారు 6 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. అదే మందంలో గేట్లకు, గ్రిల్స్‌కు వాడే మామూలు ఎంఎస్ బోల్టు రెండున్నర టన్నులు కూడా దాటదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బిగించినప్పుడు మెత్తటి బోల్టు సాగి ఊరుకుంటుంది, అదుముడు నిలవదు. అదుముడు పోయాక భాగాలు కొద్దికొద్దిగా కదులుతాయి. ఆ కదలికకు రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, బోల్టు రోజుకు వందలసార్లు అటూ ఇటూ వంగుతుంది. ఒకరోజు తెగుతుంది. అంటే బోల్టు తెగడానికి చాలా రోజుల ముందే అసలు జబ్బు మొదలై ఉంటుంది.

12 ఎంఎం, అర అంగుళం.. కనిపెట్టలేని తేడా

అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారీ మొదలుపెట్టి 2014 మేలో ఆపేసింది. ఆ బ్రిటిష్ పుట్టుక వల్ల ఈ బండి కింది భాగంలో ఎక్కువగా కనిపించేవి అంగుళాల లెక్క బోల్టులే, అందులోనూ యూఎన్‌ఎఫ్ అనే సన్న మరలవి. తర్వాతి కాలంలో ఇసుజు ఇంజిన్ వచ్చిన కార్లలో ఇంజిన్ వైపు మిల్లీమీటర్ బోల్టులు ఉంటాయి. ఒకే బండిలో రెండు లెక్కలు కలిసిపోయాయన్నమాట.

ఈ యూఎన్‌ఎఫ్ వెనక చిన్న కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బోల్టుకు అమెరికా నట్టు ఎక్కక రెండు సైన్యాలూ తిప్పలు పడ్డాయి. బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. యుద్ధం ముగిశాక 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే రకం మరకు ఒప్పుకున్నాయి. అదే యూనిఫైడ్ థ్రెడ్. అందుకే అంతకుముందు తరం మోరిస్, ఆస్టిన్ లాంటి కార్లు ఉన్నవాళ్లకు బీఎస్‌ఎఫ్, విట్‌వర్త్ అనే వేరే తలనొప్పులు ఉంటాయి. అంబాసిడర్ వాళ్లకు అంత బాధ లేదు.

వాళ్లకున్న బాధ వేరు. అర అంగుళం అంటే 12.7 ఎంఎం. షాపులో ‘చార్ సూత్ బోల్టు’ అంటారు. యూఎన్‌ఎఫ్‌లో దీనికి అంగుళానికి 20 మరలు, అంటే మరకూ మరకూ మధ్య దూరం 1.27 ఎంఎం. ఇప్పుడు 12 ఎంఎం సన్న మర బోల్టు తీసుకుంటే దాని పిచ్ 1.25 ఎంఎం. తేడా వెంట్రుకంత కూడా లేదు. ఈ 12 ఎంఎం బోల్టు ఆటో షాపుల్లో కుప్పలుగా దొరుకుతుంది, ఎందుకంటే జపాన్ తరహా కార్లలో అది మామూలు కొలత. మారుతి వీల్ నట్ల మర కూడా అదే.

పాత అర అంగుళం నట్టులోకి ఈ 12 ఎంఎం బోల్టు చక్కగా ఎక్కేస్తుంది. చేత్తోనే తిరుగుతుంది. పానా వేస్తే బిగుస్తుంది కూడా. మెకానిక్ దృష్టిలో పని అయిపోయింది. లోపల మాత్రం మర లోతులో సగం కూడా ఒకదానికొకటి పట్టుకోలేదు. శిఖరాలు శిఖరాలను అంటుకుని ఉన్నాయంతే. ఖాళీ కారులో కొన్నాళ్లు నడుస్తుంది. నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ మీద పడ్డ రోజున మరలు ఒలుచుకుపోయి నట్టు ఊడి రావచ్చు.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. అర అంగుళం యూఎన్‌ఎఫ్ బోల్టు తలకు ముప్పావు అంగుళం పానా పడుతుంది. ముప్పావు అంగుళం అంటే 19.05 ఎంఎం. పాత పద్ధతి 12 ఎంఎం బోల్టు తల 19 ఎంఎం. అంటే ఒకే పానా రెండింటికీ పడుతుంది. పానా పట్టింది కాబట్టి బోల్టు సరైనదే అనే లెక్క ఇక్కడ పూర్తిగా తప్పు. మరలు కొలిచే గేజీ దువ్వెన పెట్టినా 1.27కూ 1.25కూ తేడా కంటికి ఆనదు.

తేడా పట్టించేది వెర్నియర్ కాలిపర్ ఒక్కటే. మరల మీద మందం కొలిస్తే అర అంగుళం బోల్టు 12.5 నుంచి 12.7 ఎంఎం మధ్య చూపిస్తుంది. 12 ఎంఎం బోల్టు 12కు కొంచెం లోపే ఉంటుంది. కాలిపర్ లేకపోతే తిరగేసి చూడొచ్చు. పాత బోల్టుకు 12 ఎంఎం నట్టు ఎక్కించే ప్రయత్నం చేస్తే అది మొదటి మర దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగిందంటే పాతది అంగుళాల బోల్టే. అన్నట్టు రంధ్రం విషయం కూడా మరిచిపోకూడదు. అర అంగుళం బోల్టు కోసం వేసిన రంధ్రంలో 12 ఎంఎం బోల్టు పెడితే 0.7 ఎంఎం ఖాళీ మిగులుతుంది. ఆర్మ్ లోపలి చివర అంత ఖాళీ ఉంటే చక్రం దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా పెద్ద ఊగిసలాటగా తెలుస్తుంది. ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా బండి ఓ పక్కకు లాగుతుందంటే ఇలాంటి కారణం ఉండే అవకాశం ఉంది.

చిన్న సైజుల్లో మోసం ఇంత నున్నగా ఉండదు. 5/16 అంగుళం బోల్టు 7.94 ఎంఎం, దాని పక్కన 8 ఎంఎం బోల్టు పెడితే కవలల్లా ఉంటాయి. మర మాత్రం కలవదు, రెండు మూడు చుట్లకే బిగుసుకుపోతుంది. అప్పుడు ‘తుప్పు పట్టింది, కాస్త బలంగా తిప్పు’ అనకుండా ఆగిపోవాలి. ట్యాప్ వేసి మరలు మార్చేసే పని అసలే వద్దు.

పద్మిని సంగతి వేరు. అది ఇటలీ ఫియట్ 1100 సంతతి. ముందువైపు విష్‌బోన్‌లు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. బోల్టులన్నీ మిల్లీమీటర్ లెక్కలోనే ఉంటాయి కాబట్టి అంగుళాల గొడవ లేదు. కానీ 10 ఎంఎం బోల్టులో 1.5 పిచ్, 1.25 పిచ్ అని రెండు రకాలు, 12లో 1.75, 1.25 అని కనీసం రెండు రకాలు దొరుకుతాయి. హార్డ్‌వేర్ షాపులో ఏమీ చెప్పకుండా అడిగితే చేతికొచ్చేది మొరటు మరే. ఫియట్‌లో సన్న మరలు ఎక్కువ. పాత బోల్టు చేతిలో పట్టుకుని వెళ్లడమే మేలు.

బోల్టు తల మీద రాత చదవాలి

మంచి బోల్టు తన గురించి తానే చెప్పుకుంటుంది. మిల్లీమీటర్ బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 లాంటి అంకె ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే ఆ బోల్టు తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. చుక్క తర్వాతది అందులో ఎన్నో వంతు దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, అందులో 80 శాతం అంటే 640 దగ్గర సాగుతుంది. గేటుకు వాడే 4.6 బోల్టు 240 దగ్గరే సాగిపోతుంది. సస్పెన్షన్‌లో 8.8 కంటే తక్కువ అంకె ఉన్నదాన్ని చేతిలోకే తీసుకోకూడదు.

అంగుళాల బోల్టులకు అంకెల బదులు గీతలు. తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, అది దాదాపు 8.8తో సమానం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8, అది 10.9 స్థాయి. గీతలేవీ లేకపోతే మెత్తటి సరుకు అనుకోవాల్సిందే. పాత బ్రిటిష్ బోల్టుల తల మీద ఒకదానికొకటి అంటుకున్న మూడు సున్నాల్లాంటి గుర్తు కనిపిస్తే అది యూనిఫైడ్ మర అని అర్థం. దాంతోపాటు ఇంగ్లిష్ అక్షరం ఎస్, టీ, వీ లాంటిది ఉండొచ్చు. ఎస్ అంటే చదరపు అంగుళానికి 50 బ్రిటిష్ టన్నులు, లెక్కేస్తే సుమారు 770 మెగాపాస్కల్స్. టీ అయితే 55 టన్నులు. ఈ రెండింటి చోట గ్రేడ్ 5 వాడుకోవచ్చు. టీ గుర్తున్న చోట గ్రేడ్ 5 బలం కొద్దిగా తక్కువ కాబట్టి అనుమానంగా ఉంటే గ్రేడ్ 8 వైపు వెళ్లొచ్చు. వీ అయితే 65 టన్నులు, దాని బదులు గ్రేడ్ 8 తప్ప వేరేది పనికిరాదు.

అంకె ఒక్కటే ఉంటే చాలదు, తయారుచేసిన కంపెనీ గుర్తు కూడా పక్కన ఉండాలి. టీవీఎస్, అన్‌బ్రాకో లాంటి గుర్తులు మన మెకానిక్‌లకు తెలిసినవే. ఎవరు చేశారో చెప్పని బోల్టు మీద 8.8 అని ఉన్నా దానికి పూచీ ఎవరూ ఉండరు. అమెరికాలో 1980ల్లో ఈ గోల పెద్దదే అయింది. గ్రేడ్ 8 గీతలు కొట్టి తక్కువ రకం ఉక్కుతో చేసిన బోల్టులు మార్కెట్‌ను ముంచెత్తాయి. చివరికి 1990లో అక్కడ బోల్టుల నాణ్యత కోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చారు.

మెరిసేదల్లా పనికిరాదు

ప్రదర్శనలకు తీసుకెళ్లే కార్ల యజమానులకు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టుల మీద మోజు ఎక్కువ. తుప్పు పట్టదు, తళతళలాడుతుంది. కానీ మామూలుగా దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ 450 మెగాపాస్కల్స్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. 8.8 బోల్టుకు అది 640 అని పైన చూశాం. పైగా స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేసి బిగిస్తుంటే మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని మధ్యలోనే పట్టేసుకుంటాయి. బిగిసిందో, పట్టేసిందో పానా పట్టినవాడికి తెలియదు. నంబర్ ప్లేటుకు, బంపర్ అలంకారానికి స్టెయిన్‌లెస్ వాడుకోవచ్చు. చక్రం వైపు వద్దు.

ఇంకొందరు దీనికి పూర్తిగా అటు చివరకు వెళ్తారు. 8.8 మంచిదైతే 12.9 ఇంకా మంచిది కదా అంటారు. ఇదీ తప్పే. బోల్టు ఎంత గట్టిపడితే అంత పెళుసుబారుతుంది. దెబ్బ తగిలితే 8.8 వంగి, సాగి హెచ్చరిస్తుంది. 12.9 అంత అవకాశం ఇవ్వకపోవచ్చు. అంత గట్టి ఉక్కుకు మెరుపు కోసం జింక్ పూతో, క్రోమ్ పూతో వేయిస్తే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. పూతకు ముందు యాసిడ్‌లో కడిగినప్పుడు, కరెంటు పూత వేసినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. పూత వేసిన వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చకపోతే ఆ హైడ్రోజన్ లోపలే ఉండిపోతుంది. బిగించిన రోజు బాగానే ఉన్న బోల్టు ఓ రాత్రి కారు కదలకుండా షెడ్డులో ఉండగానే ‘టక్’ మని తల తెగిపడొచ్చు. పూతల షాపులో ఆ కాల్చే పని చేస్తారో లేదో అడిగి చూడండి. చాలాచోట్ల ఆ ప్రశ్నే వింతగా చూస్తారు. కంపెనీ ఏ గ్రేడ్ వేసిందో అదే గ్రేడ్ వేయడం అన్నిటికంటే సురక్షితం.

పొడవు కంటే నున్నటి భాగం ముఖ్యం

బోల్టు పొడవు సరిపోయిందంటే సగం మాత్రమే సరిపోయినట్టు. తల కింద మరలు లేని నున్నటి భాగం ఎంత ఉందో చూడాలి. సస్పెన్షన్ ఆర్మ్, బ్రాకెట్ కలిసే చోట, అంటే రెండు రేకులు కత్తెరలా కదలబోయే చోట, నున్నటి ఒళ్లే ఉండాలి. మరలు అక్కడికి వస్తే రెండు నష్టాలు. అర అంగుళం బోల్టులో మరల అడుగున ఉక్కు అడ్డుకోత వైశాల్యం నున్నటి భాగం కంటే దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. పైగా మరలు ఆకురాయిలా రంధ్రాన్ని అరగదీస్తాయి. ప్రతి మర అడుగూ ఓ గాటు లాంటిదే, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

షాపుల్లో ఎక్కువగా దొరికేవి తల దాకా మరలున్న ఫుల్ థ్రెడ్ బోల్టులు. అమ్మేవాడికి అవే సులువు, ఏ పొడవుకైనా కోసి ఇవ్వొచ్చు. పాత బోల్టులో నున్నటి భాగం 50 ఎంఎం ఉంటే కొత్తదానిలోనూ అంతే ఉండాలి. ఎక్కువైనా ఇబ్బందే. మరలు మొదలయ్యే చోటికి ముందే నట్టు ఆగిపోతుంది. అప్పుడు నట్టు బిగిసినట్టు అనిపిస్తుంది కానీ భాగాలు బిగియవు. సరైన పొడవు దొరక్కపోతే కాస్త పొడవైన, నున్నటి భాగం సరిపోయే బోల్టు కొని, మరల వైపు చివర కోయించుకోవడం మేలు.

ఏ షాపులోనూ దొరకని కొలత అయితే? మన దగ్గర వెంటనే వచ్చే సమాధానం.. ‘లేత్ మీద తిప్పించేద్దాం’. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు గానీ ఏ బోల్టైనా గంటలో తిప్పి ఇచ్చేవాళ్లుంటారు. వాళ్ల చేతి పనితనానికి వంక పెట్టడానికి లేదు. వంకంతా ఉక్కుతోనే. మామూలు ఎంఎస్ రాడ్ నుంచి తిప్పిన బోల్టు కొలతలు అచ్చు గుద్దినట్టుంటాయి, బలం మాత్రం గేటు బోల్టుదే. ఈఎన్8 రాడ్ కూడా వేడి చేసి గట్టిపరచకుండా వాడితే 8.8కు రాదు. తప్పనిసరైతే ఈఎన్24 రాడ్ టీ కండిషన్‌లో తెప్పించి తిప్పించాలి. దాని బలం 850 నుంచి 1000 మెగాపాస్కల్స్ దాకా ఉంటుంది. అయినా ఫ్యాక్టరీలో మరలను కోయరు, రోలర్ల మధ్య ఒత్తి తీస్తారు. అలా ఒత్తిన మర పదే పదే వచ్చే దెబ్బలకు ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి లేత్ బోల్టు ఆఖరి దారిగానే ఉండాలి. విరిగిన బోల్టుకు వెల్డింగ్ చేసి మళ్లీ వాడటం, గ్యాస్ మంటతో కాల్చి తీసిన బోల్టునే తిరిగి బిగించడం.. ఈ రెండూ దారులే కావు. ఎర్రగా కాలిన బోల్టులో ఫ్యాక్టరీ ఇచ్చిన గట్టిదనం పోతుంది.

నట్టు కూడా సగం బలం

8.8 బోల్టుకు మెత్తటి నట్టు వేస్తే బలం నట్టుదే అవుతుంది. మిల్లీమీటర్ నట్టు మీద 8 అని ఉంటే 8.8 బోల్టుకు, 10 అని ఉంటే 10.9కు సరిపోతుంది. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు ఒక్కసారికే. విప్పితే పారేయాలి. 120 డిగ్రీల వేడి దాటితే ఆ నైలాన్ పట్టు వదులుతుంది కాబట్టి బ్రేకుల పక్కన వాడకూడదు. స్ప్రింగ్ వాషర్ వేస్తే నట్టు వదులవదని ఓ గట్టి నమ్మకం ఉంది. పక్కకు ఊగే కంపనాల్లో అది పెద్దగా ఆపలేదని జర్మన్ ఇంజినీర్ యుంకర్ 1969లోనే పరీక్ష చేసి చూపించారు.

స్టీరింగ్ జాయింట్ల దగ్గర గాట్లున్న క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను ఉంటాయి. కంపెనీ అక్కడ అవి పెట్టిందంటే అవే ఉండాలి. పిన్ను రంధ్రం గాటుకు ఎదురు రాకపోతే నట్టు కాస్త వెనక్కి తిప్పి పిన్ను దూర్చేస్తుంటారు. తిప్పాల్సింది ముందుకు, తర్వాతి గాటు దాకా. వాడిన పిన్ను, మేకు ముక్క, కట్టుతీగ.. ఇవేవీ స్ప్లిట్ పిన్ను కావు.

పాత బోల్టు చెప్పే సాక్ష్యం

తీసిన బోల్టును వెంటనే చెత్తబుట్టలో వేయకూడదు. కిరసనాయిల్‌లో కడిగి చూస్తే చాలా చెబుతుంది. కొత్త నట్టు చేత్తో చివరి దాకా సాఫీగా తిరగాలి. మధ్యలో ఓ చోట బిగుసుకుంటే అక్కడ బోల్టు సాగిందని అర్థం. నున్నటి భాగం మీద గోరు ఆనేంత గాడి పడి ఉంటే ఆ చోట భాగాలు కదులుతున్నాయి, అంటే రంధ్రం కూడా చూడాలి. తుప్పు గుంటలు పడితే మళ్లీ వాడొద్దు. తెగిన బోల్టు అయితే తెగిన ముఖం చూడాలి. కొంత భాగం నల్లగా, నునుపుగా, ఇసుక మీద అలల గుర్తుల్లా ఉండి, మిగతాది గరుకుగా మెరుస్తుంటే అది ఒక్క దెబ్బకు తెగింది కాదు. నెలల తరబడి పగులుతూ వచ్చి ఆఖర్న విడిపోయింది. అలాంటిది ఒక పక్క కనిపిస్తే రెండో పక్క చక్రం బోల్టు కూడా మార్చాల్సిందే.

బిగించేటప్పుడు

అంబాసిడర్ ముందు చక్రాల బరువును మోసేది టార్షన్ బార్, అంటే మెలిపెట్టిన ఉక్కు కడ్డీ. పద్మినిలో ఆ పని కాయిల్ స్ప్రింగ్ చేస్తుంది. రెండింటిలోనూ బోలెడంత బలం బంధించి ఉంటుంది. ఆర్మ్ కింద ఆసరా లేకుండా బోల్టు లాగేస్తే ఆర్మ్ కొరడాలా కిందికి కొడుతుంది. చేతివేళ్లు, కొన్నిసార్లు ముఖం కూడా అక్కడే ఉంటాయి. ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో చెప్పిన వరసలో ఒత్తిడి తీసేశాకే బోల్టు జోలికి వెళ్లాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. ఇది ఇంటి దగ్గర యూట్యూబ్ చూసి చేసే పని కాదు.

రబ్బరు బుష్‌లున్న చోట బోల్టును చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించేస్తే, కారు నేల మీదకు దిగగానే బుష్ మెలితిరిగిపోతుంది. కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది. ముందు వదులుగా బిగించి, కారు బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగింపు వేయాలి. ఆ బిగింపు కూడా పైపు ముక్క తగిలించి ఒంటి బలం చూపించేది కాకూడదు. టార్క్ రెంచ్, మాన్యువల్‌లో అంకె ఉండాలి. పానాతో పెట్టే బలంలో దాదాపు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. అందుకే పొడి మరలకు ఇచ్చిన అంకెను గ్రీజు పూసిన బోల్టుకు వాడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. మాన్యువల్ పొడి అంటే పొడి, నూనె అంటే నూనె.

మరో మాట. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. అలాంటి బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోల్ కోసం లాంటి పనులకే రోడ్డు మీదకు తీసుకురావాలి, రోజువారీ తిరుగుడుకు కాదు. అసలు రూపం చెడగొట్టకూడదన్నది కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఇష్టమొచ్చిన బోల్టు కోసం రంధ్రం పెద్దది చేయించే వాళ్లు ఇది కూడా గుర్తుంచుకుంటే మంచిది.

బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న ఆర్మ్ మీదకు తెల్ల పెయింట్‌తో ఒక సన్న గీత గీసి పెట్టాలి. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక, ఆ తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడల్లా టార్చ్ వేసి ఆ గీత చూస్తే చాలు. గీత తెగి నట్టు కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తే మళ్లీ బిగించి వదిలేయకూడదు. విప్పి చూడాలి, కొత్త బోల్టు, కొత్త నట్టు వేయాలి, రంధ్రాన్ని కొలవాలి, బుష్‌ను చేత్తో కదిపి చూడాలి. వదులవడానికి కారణం ఎక్కువసార్లు ఆ రెండింటిలోనే దొరుకుతుంది.